ధర్మరాజు ఎక్కనన్న రథం

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు పోయే బస్సుల్లో మనుషులు మాత్రమే ప్రయాణం చేసిన కాలం నాకు గుర్తులేదు. గంపలో కాళ్లు కట్టిన కోళ్లు, గోనెసంచిలోంచి తల బయటపెట్టిన మేకపిల్ల, సీటు కింద నుంచి ఉన్నట్టుండి కూతపెట్టే పుంజు ఎప్పుడూ ఉండేవి. వాటికి టికెట్టు కొట్టాలా వద్దా అన్నది కండక్టరు ఓపికను బట్టి. పక్కన కూర్చున్నవాళ్లు కాళ్లు కాస్త ముడుచుకునేవాళ్లు, అంతే. బస్సులో సగం మందికి ఆ మేకపిల్ల ఎవరిదో, ఎవరింటికి పోతోందో తెలుసు. తెలిసిన ప్రాణిని చూసి ఎవరు భయపడతారు?

2024 జనవరిలో కరీంనగర్ ఆర్టీసీ డిపోలో ఒక పుంజు వార్తల్లోకెక్కింది. ఎవరో బస్సులో మరిచిపోయి దిగిపోతే సిబ్బంది దాన్ని డిపోకు తెచ్చి జాగ్రత్త చేశారు. అడిగేవాళ్లు లేకపోవడంతో వేలం వేస్తామని ప్రకటించారు. ఆ పుంజు నాదేనని తరవాత ముందుకొచ్చిన మనిషి మా నెల్లూరు జిల్లా నుంచి అక్కడికి పనికి పోయినవాడే. పత్రికలు దాన్ని సరదా వార్తగా రాశాయి. నేను మాత్రం చాలాసేపు ఆలోచనలో పడ్డాను. మనిషి వెంట బయలుదేరిన ప్రాణిని సామాను కింద లెక్కేయాలా, తోటి ప్రయాణికుడి కింద లెక్కేయాలా? డిపో లెక్కలో అది పోగొట్టుకున్న సామాను. ఆ మనిషి లెక్కలో ఏమిటో ఎవరూ అడగలేదు.

విమానం దగ్గరికొచ్చేసరికి ఈ ప్రశ్న బరువెక్కుతుంది. అక్కడ నూట ఎనభై మంది ఒకరికొకరు ఎవరో తెలియదు. కిటికీ తెరవడానికి లేదు, నచ్చకపోతే మధ్యలో దిగిపోవడానికి లేదు. ఒకరికి కుక్కంటే ప్రాణం. పక్కవాళ్లకు దాని వెంట్రుక తగిలితే ఆయాసం. వెనక వరసలో పిల్లకు చిన్నప్పుడు వీధికుక్క కరిచిన భయం ఇంకా పోలేదు. ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టి ఆ కుక్కను ఎక్కనివ్వాలా వద్దా తేల్చాలంటే, మన ఊళ్లోలా ముఖం చూసి చెప్పేస్తే కుదరదు. ఏదో ఒక నమ్మకం కావాలి. ఆ నమ్మకం దేని మీద నిలబడాలన్నదే నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి.

ముందు పనిచేసే కుక్క గురించి చెప్పాలి. దాన్ని చూడటానికి మేం దూరదేశం పోనక్కర్లేదు. వెలుగొండల అడుగున, ఉదయగిరి, సీతారామపురం చుట్టుపక్కల గొర్లు కాసేవాళ్లతో ఒక రాత్రి గడిపితే చాలు. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన జాతి అంటారు. పల్ల, జొడిపి, దొర అని అందులో మూడు రకాలు. కోతలయ్యాక రైతులు తమ చేలల్లో మంద కట్టించుకుంటారు, ఎరువు కోసం. అట్లా మంద కట్టిన ఒక చేలో నేను చూసిన కుక్కకు మెడపట్టీ లేదు, ఒక చెవి సగం చిరిగిపోయుంది. అది మంద మధ్యలో పడుకోలేదు. కొండ వైపు, గాలి వచ్చే దిక్కున, గొర్లకు కాస్త ఎడంగా పడుకుంది. నేను దగ్గరికి పోతే తోక ఊపలేదు, మొరగలేదు. తలెత్తి ఒకసారి చూసి మళ్లీ కొండ వైపు తిప్పుకుంది. కాపరి సంగటి ముద్ద విప్పి ముందు దానికి తుంచి పెట్టి, ఆ తరవాత తను తిన్నాడు. మిగిలింది పెట్టొచ్చు కదా అన్నాను. “రాత్రంతా మేలుకోనుండేది అది. నేను పడుకుంటా గదా” అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

ఆ కుక్కకు ఏ బడీ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. అయినా అది పనిచేసే కుక్కని చూడగానే తెలిసిపోతుంది. తన పనేమిటో దానికి తెలుసు, మిగతా లోకం దానికి పట్టదు. చూపు లేనివాళ్లకు దారి చూపే కుక్కలోనూ ముందు కనిపించే లక్షణం ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో అట్లాంటి కుక్కలకు బడి పెట్టారు. అమెరికాలో నాష్‌విల్‌కు చెందిన మోరిస్ ఫ్రాంక్ అనే యువకుడు 1928లో స్విట్జర్లాండు పోయి, బడ్డీ అనే కుక్కతో పని నేర్చుకుని తిరిగొచ్చాడు. న్యూయార్కులో బండ్లు దూసుకుపోయే రోడ్డును విలేకరుల ఎదుట దానితో దాటి చూపించాడు. మరుసటి ఏడే అక్కడ ‘సీయింగ్ ఐ’ అనే బడి మొదలైంది. కుక్క రైలెక్కాలన్నా, హోటలుకు రావాలన్నా, ఆ తరవాత విమానమెక్కాలన్నా ఆ హక్కు ఎవరి దయ వల్లా రాలేదు. ఏళ్ల తరబడి కుక్కలు బుద్ధిగా పనిచేసి చూపిస్తే, చూసినవాళ్లకు నమ్మకం కుదిరి వచ్చింది.

ఇక రెండో సంగతి, ఏ పనీ చేయకుండా పక్కన ఉండటమే పనైన కుక్క. దీని గురించి నాకు చెప్పింది మా పినమ్మ.

పినమ్మది ఉదయగిరి కొండ కనిపించే పల్లె. కుక్క గడప తొక్కితే నీళ్లు పోసి కడిగే మనిషి. డాలస్‌లో ఉండే కొడుకు దగ్గరికి, వీసా మీద ఉండనిచ్చినన్నాళ్లు ఉండొద్దామని పోయింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి పోతే పొద్దుగూకులూ ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. వీధిలో మనిషి కనిపించడు. పక్కింటివాళ్లతో మాట్లాడ్డానికి భాష రాదు. పెనిమిటి పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ ఇంట్లో నల్ల లాబ్రడార్ కుక్క ఒకటుంది. పిల్లలు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు, పినమ్మ మాత్రం ‘నల్లోడు’ అంది. మొదటి వారం అది దగ్గరికొస్తే కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుందట. ఒకరోజు మధ్యాన్నం బాబాయి గుర్తొచ్చి కుర్చీలో కూర్చుని ఏడుస్తుంటే, అది వచ్చి తల ఆమె పాదాల మీద పెట్టి పడుకుంది. ఆమె కాళ్లు తీయలేదు.

“ఆ కుక్క లేకపోయుంటే నేను అప్పుడే వచ్చేసుందును రా అబ్బయ్యా. నేను తెలుగులో ఏందేందో చెప్పుకుంటా ఉంటే అది చెవులెత్తుకోని ఇంటా ఉండేది. మనుషులైతే మధ్యలో లేచి పోతారు గదా” అంది తిరిగొచ్చాక.

నేను ఆమెతో వాదించలేదు. వాదించడానికేముంది? బీపీ మాత్రలు వేసుకునే ముసలి మనిషికి ఆ కుక్క చేసిన మేలు కళ్ల ముందే కనిపిస్తోంది. కుక్క తోడుతో మనసు కుదుటపడటం డబ్బున్నవాళ్ల సోకు అని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి అనుమసముద్రంపేట పోయి రావాలి. మేం ఏఎస్ పేట అంటాం, ఆత్మకూరుకు దగ్గరే. అక్కడి దర్గాకు మనసు చెదిరినవాళ్లను వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు, హిందువులూ ముస్లిములూ తేడా లేకుండా. వాళ్లకు వైద్యం అందాలి, మందులు మానకూడదు, ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. అయితే అక్కడ నేను ఎప్పుడు చూసినా నా కళ్లు పక్కన కూర్చున్న మనిషి మీదే నిలుస్తాయి. కూతురి చెయ్యి వదలకుండా గంటలకొద్దీ కూర్చునే తల్లి. మాట్లాడదు, బుజ్జగించదు. చెయ్యి వదలదు, అంతే. మనసుకు తగిలిన దెబ్బ ఎంత నిజమో, పక్కన ఒక ప్రాణి ఉంటే కలిగే ఊరట కూడా అంతే నిజం. ఆ తల్లి స్థానంలో ఒక్కోసారి కుక్క ఉంటుంది. అందులో నవ్వాల్సిందేమీ లేదు.

కాబట్టి ఆ తరవాత ఏడాది పినమ్మ కొడుకు ఫోను చేసినప్పుడు నాకు అతని బాధ అర్థమైంది. “అన్నా, అమ్మ రమ్మంటా ఉండాది. పిల్లకాయలతో పాటు నల్లోణ్ణి కూడా తీసుకురమ్మంటాది. దాన్ని కింద కార్గోలో వేసి అంత దూరం తేవాలంటే నా వల్ల కాదు” అన్నాడు. ముప్పై కిలోలు దాటిన కుక్క సీటు కింద బుట్టలో పట్టదు. అక్కడి స్నేహితుడొకరు దారి చెప్పాడట. ఆన్‌లైన్లో ‘సర్వీస్ డాగ్’ అని రాసున్న ఎర్ర కోటు దొరుకుతుంది, కొని తొడుగు. నీకు ఆందోళన జబ్బుందని, ఈ కుక్క దానికి తర్ఫీదు పొందిందని ఫారం నింపు, కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని దర్జాగా రావచ్చు. “ఏమంటావన్నా?” అని అడిగాడు తమ్ముడు.

ఆ కోటు కథ అమెరికాలో చాలా దూరం నడిచింది. వికలాంగ ప్రయాణికుల పట్ల విమాన సంస్థలు వివక్ష చూపకూడదని అక్కడ 1986లో చట్టం చేశారు. దాని కింద వచ్చిన నిబంధనలు సర్వీస్ డాగ్‌తో పాటు, మనోవ్యాధి ఉన్నవాళ్లకు ఊరటనిచ్చే జంతువును కూడా రానిచ్చాయి. డాక్టరో కౌన్సెలరో రాసిన ఉత్తరం ఉంటే చాలు, రుసుము లేదు. మంచి ఉద్దేశంతో తెరిచిన తలుపు అది. కానీ కొద్ది కాలానికే ఉత్తరాలు అమ్మే దుకాణాలు పుట్టుకొచ్చాయి. మనిషిని చూడకుండా, ఆన్‌లైన్లో నాలుగు ప్రశ్నలడిగి ఉత్తరం పంపేవాళ్లు. అట్లాంటి జంతువులతో ఎక్కినవాళ్లు 2016లో 4,81,000 మంది ఉంటే, 2017లో 7,51,000 అయ్యారని అక్కడి విమాన సంస్థల సంఘం లెక్క చెప్పింది. 2017 జూన్‌లో అట్లాంటా నుంచి బయలుదేరాల్సిన విమానంలో అట్లాంటి కుక్క ఒకటి పక్క సీటు మనిషి ముఖం కరిచింది. కుట్లు పడ్డాయి. 2018 జనవరిలో నెవార్క్ విమానాశ్రయానికి ఒకావిడ నెమలిని తెస్తే ఎక్కనివ్వలేదు. ఆ నెమలి ఫొటో లోకమంతా చూసి నవ్వింది. ఆ నవ్వులో నష్టపోయింది ఎవరో ఎవరూ పట్టించుకోలేదు.

నష్టపోయింది నిజంగా కళ్లు లేనివాళ్లు. తర్ఫీదు లేని కుక్కలు క్యాబిన్లో మొరిగి, మీదపడి, పాడు చేస్తుంటే సిబ్బంది ప్రతి కుక్కనూ అనుమానంగా చూడటం మొదలైంది. తోటి ప్రయాణికులూ అంతే. తర్ఫీదు లేని కుక్క మీదికి ఉరికితే దారి చూపే కుక్క బెదిరిపోతుంది, ఒక్కోసారి మళ్లీ పనికి రాకుండా పోతుంది కూడా. చివరికి 2020 డిసెంబరులో అమెరికా రవాణా శాఖ కొత్త నిబంధన తెచ్చింది, 2021 జనవరి 11 నుంచి అమలైంది. ఇక సర్వీస్ యానిమల్ అంటే వైకల్యం ఉన్న మనిషి కోసం ఒక పని నేర్చిన కుక్క మాత్రమే. ఊరటనిచ్చే జంతువును మామూలు పెంపుడు జంతువుగానే చూడొచ్చు. దీంతో మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు తలుపు పూర్తిగా మూసేశారని అనుకోకూడదు. పీడకలలతో లేచేవాణ్ణి తట్టి లేపడం, భయం ముంచుకొచ్చే ముందు గుర్తించి ఆపడం లాంటి పని నేర్చిన కుక్క ఉంటే దానికి దారి చూపే కుక్కతో సమానమైన హక్కు. కుక్క తర్ఫీదు, ఆరోగ్యం, ప్రవర్తన గురించి ప్రయాణికుడే ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో అబద్ధం రాయడం అక్కడ ఫెడరల్ నేరం. నీ జబ్బేమిటి అని ఆరా తీయడం సిబ్బంది పని కాదు, ఈ కుక్క ఏ పని నేర్చింది అని మాత్రం అడగొచ్చు. కుక్క ఎట్లా ప్రవర్తిస్తోందో చూడొచ్చు.

ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. కాగితం కన్నా కుక్క నడవడికే సాక్ష్యం. కొండ వైపు తిరిగి పడుకున్న ఆ చిరిగిన చెవి కుక్కను ఏ దేశపు అధికారికి చూపించినా, అది పనిచేసే కుక్కేనని ఒప్పుకుంటాడు.

తమ్ముడికి ఇదంతా చెప్పే ముందు నాకు ఉదయగిరి మామ గుర్తొచ్చాడు. మామ అని వరసకు పిలుస్తాను గానీ బంధువు కాదు. చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇల్లు వాళ్లది. ఉదయగిరి చెక్కపనికి భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి చాలామందికి తెలుసు. నీటికాసులతో ఆయనకు రెండు కళ్లూ పోయాయి. అయినా తయారైన చెంచాలన్నీ చివరికి ఆయన చేతికే వస్తాయి. గరుకు కాగితంతో రుద్దుతూ, బొటనవేలితో అంచు వెంబడి తడుముకుంటూ పోతాడు. కళ్లున్నవాళ్లకు కనిపించని గరుకు ఆయన వేలికి తగులుతుంది. అక్కడ ఆగి మళ్లీ రుద్దుతాడు. వీధిలోకి రావాలంటే మాత్రం మనవడి భుజం మీద చెయ్యి ఉండాల్సిందే. ఆ మనవడు కాలేజీ హాస్టల్‌కు పోయాక ఆయన బజారుకు రావడం తగ్గిపోయింది.

2025లో ప్రభుత్వం రాష్ట్రమంతటా దివ్యాంగుల పింఛన్లను మళ్లీ తనిఖీ చేసింది. అంతకు ముందే, 2024లో దివ్యాంగుల పింఛను ఆరు వేలు చేశారు. దొంగ సదరం సర్టిఫికెట్లతో పింఛను తీసుకునేవాళ్లు ఉన్నారన్నది అబద్ధం కాదు, ఏరివేయాల్సిందే. అయితే ఆ ఏరివేతలో మామను కూడా మళ్లీ రమ్మన్నారు. పొద్దున్నే బండి మాట్లాడుకుని, పనిపాటలు మానుకున్న ఒక మనిషి సాయంతో పోయి, లైనులో నిలబడి, కళ్లు చూపించుకుని వచ్చాడు. “కళ్లు లేవని ఎన్నిసార్లు చూపించుకోవాల అల్లుడా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. లేని వైకల్యానికి సర్టిఫికెట్టు కొన్నవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు. వాడు ఆడిన అబద్ధానికి రుజువు చెప్పుకోవాల్సిన పని కళ్లు లేనివాడి మీద పడింది.

ఎర్ర కోటు కొనడం కూడా సరిగ్గా ఇదే పని. కుక్క మీద ప్రేమతో కొన్నా అంతే, డబ్బు మిగులుతుందని కొన్నా అంతే. నమ్మకం అందరూ వాడుకునే ఊరచెరువు, ఒకడు దొంగతనంగా తోడుకుంటే కింది ఆయకట్టుకు నీళ్లందవు.

ఈ విషయంలో నాకు తిక్కనగారి మీద ఆధారపడాలనిపించింది. పదమూడో శతాబ్దంలో మా నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ మహానుభావుడు భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో మహాప్రస్థానిక పర్వమూ ఒకటి. కథ అందరికీ తెలిసిందే. పాండవులు అన్నీ వదిలి ఉత్తరానికి నడుస్తారు, ఒక కుక్క వెంటపడుతుంది. ద్రౌపది పడిపోతుంది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోతారు, కుక్క మాత్రం ఆగదు. ఇంద్రుడు రథం తెచ్చి ధర్మరాజును ఎక్కమంటాడు. కుక్కను వదిలేసి రమ్మంటాడు, స్వర్గంలో కుక్కలకు చోటు లేదంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచిపెట్టి నాకు ఆ స్వర్గం వద్దు అంటాడు ధర్మరాజు. చివరికి ఆ కుక్క ధర్మదేవత అని తేలుతుంది.

కుక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఈ కథను తమ పక్షాన చెప్పుకుంటారు, చెప్పుకోవడంలో తప్పు లేదు. నేను చూసేది ఆయన చేయని పనిని. ఇది కుక్క కాదు, నా తమ్ముడని ఆయన అబద్ధం చెప్పలేదు. దీనికి వేదం వచ్చని చెప్పలేదు. రథం నియమం ఏమిటో విన్నాడు, దాన్ని వంకర చేయడానికి చూడలేదు. ఆ నియమానికి నేను లోబడను, అందుకు నా చోటు వదులుకుంటాను అన్నాడు. కుక్క మీద ప్రేమకు తన సొంత స్వర్గాన్ని ఖర్చుపెట్టడానికి సిద్ధపడ్డాడు గానీ, పక్కవాడి వాటా ఖర్చుపెట్టలేదు. యుద్ధంలో ఒక్క అబద్ధానికి ఒడిగట్టి, దాని ఫలితం అనుభవించాల్సిన మనిషి ఆయన. ఆ బరువు తెలిసినవాడు కాబట్టే అక్కడ తూకం తప్పలేదని నేను నమ్ముతాను.

తమ్ముడికి ఇదే చెప్పాను. నల్లోణ్ణి తేవాలనుకుంటే పెంపుడు కుక్కగానే తీసుకురా, లేదంటే దాన్ని అక్కడే నమ్మకస్తుల దగ్గర ఉంచి రా, ఆ కోటు మాత్రం వద్దు అన్నాను. అతనే కూర్చుని లెక్కలు తీశాడు. కుక్క మన దేశంలో దిగాలంటే జంతు క్వారంటైన్ శాఖ నుంచి ముందే అనుమతి పత్రం కావాలి. చెన్నై, హైదరాబాదు, బెంగళూరు లాంటి ఆరు నగరాల్లోనే ఆ కార్యాలయాలున్నాయి. రెండేళ్లు విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకు పెంపుడు జంతువును తెచ్చుకునే వీలు సులువు. సెలవులకు వచ్చిపోయేవాళ్లకు విడిగా లైసెన్సు బాధ ఉంది. వెనక్కి పోయేటప్పుడు ఇంకా కష్టం. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని పెట్టింది. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడికి చేరే ప్రతి కుక్కకూ ఆరు నెలలు నిండి ఉండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. మన లాంటి దేశం నుంచి వచ్చేదానికి టీకా రుజువులు ఇంకా గట్టిగా అడుగుతారు. ప్రపంచంలో రేబిస్‌తో పోయే ప్రాణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి దీన్ని తప్పుపట్టలేం. సర్వీస్ డాగ్ అయినా ఈ పరీక్ష తప్పదు, ఎర్ర కోటు ఇక్కడ ఎందుకూ పనికిరాదు. నల్లోడు డాలస్‌లోనే స్నేహితుల ఇంట్లో ఉన్నాడు. తమ్ముడూ పిల్లలూ వచ్చారు. పినమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది, తరవాత మనవరాలి ఫోనులో రోజూ సాయంత్రం దానితో మాట్లాడింది.

పినమ్మ సంగతి అట్లా సర్దుకుంది. మామ సంగతే సర్దుకోలేదు. నిజానికి ఈ చర్చంతా ఎవరి కోసం మొదలైందో ఆ మనిషి ఆయనే. ఆయన కొడుకు బెంగళూరులో ఉంటాడు. పొరపాటున మామకు ఒక దారి చూపే కుక్క దొరికిందనుకుందాం, విమానంలో దానితో పాటు ఎక్కే వీలు ఆయనకు మన దేశంలో ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు వికలాంగ ప్రయాణికుడి వెంట తర్ఫీదు పొందిన కుక్కను క్యాబిన్లోకి రానిస్తాయి. పెంపుడు జంతువులదైతే వేరే దారి. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి రుసుము తీసుకుని చిన్నవాటిని బుట్టలో పెట్టి క్యాబిన్లోకి రానిస్తోంది, ఎయిర్ ఇండియాలోనూ అట్లాంటి ఏర్పాటుంది. కానీ కాగితం మీద హక్కుకూ కౌంటరు దగ్గరి హక్కుకూ ఎంత దూరముందో జీజా ఘోష్ కేసు చెబుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆమె 2012 ఫిబ్రవరిలో ఒక సదస్సుకు పోవడానికి కోల్‌కతాలో విమానమెక్కి కూర్చుంటే, మనిషిని చూసి దింపేశారు. ఆమె వెంట కుక్క లేదు, చేతిలో టికెట్టుంది. 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆమెకు పది లక్షల పరిహారం ఇప్పించింది. వికలాంగుల గౌరవం ఎవరో వేసే భిక్ష కాదని ఆ తీర్పుతో గట్టిగా తేలింది. అదే ఏడాది 21 రకాల వైకల్యాలను గుర్తించిన కొత్త చట్టం కూడా వచ్చింది.

చట్టం ఉంది, తీర్పు ఉంది. మామకు కుక్క ఎక్కడిది? దారి చూపే కుక్కను పెంచి తయారుచేయడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది, లక్షల్లో ఖర్చు. మన రాష్ట్రాల్లో కుక్కలకు పని నేర్పడం రాక కాదు. హైదరాబాదు దగ్గర మొయినాబాదులో పోలీసు కుక్కలకు బ్రహ్మాండమైన తర్ఫీదు ఇస్తున్నారు. బాంబు వాసన పట్టే కుక్కను తయారుచేయగల దేశం, గుంతను చూసి ఆగే కుక్కను తయారుచేయలేదా? చేయగలదు. తయారుచేసినా ఉదయగిరి బజారులో ఆ కుక్క మామను ఎక్కడ నడిపిస్తుంది? నడవడానికి అంచు లేని రోడ్డు, దాని మీదే బండ్లు, మూత లేని కాలువ, కొత్త కుక్క కనిపిస్తే గుంపుగా మీదికొచ్చే వీధికుక్కలు. విమానంలో సీటు ముందు ఉండే ఖాళీ స్థలం గురించి మనం మాట్లాడుకుంటున్నాం, మామకు ఇంటి గుమ్మం ముందే ఖాళీ లేదు. మొదలుపెట్టాల్సింది విమానాశ్రయంలో కాదు, ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి బజారులో.

అయినా ఆ రోజు వస్తుందనే నా ఆశ. పట్టీ వేసిన కుక్కతో ఒక మనిషి ఏదో ఒక రోజు మన బస్సెక్కుతాడు, మన పక్క సీటులో విమానమెక్కుతాడు. ఆ రోజుకు మనం సిద్ధంగా ఉండాలంటే, అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట చెప్పండి. మీ కుక్క మీకు ఎంత ప్రాణమైనా సరే, దానికి రాని పని వచ్చని ఫారం మీద రాయొద్దు, కోటు కొని తొడగొద్దు. డబ్బు కట్టి పెంపుడు కుక్కగా తీసుకుపోండి, లేదంటే ఇంట్లో ఉంచండి. నిజంగా అవసరమున్న మనిషి మీ ఇంట్లో ఉంటే వెనకాడొద్దు. టికెట్టు కొనేటప్పుడే చెప్పండి, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు మళ్లీ గుర్తుచేయండి, టీకా కాగితాలు చేతిలో పెట్టుకోండి, కాదంటే రాతపూర్వకంగా కారణం అడగండి. ఇక మీ పక్కన పట్టీ వేసిన కుక్క కనిపిస్తే దాన్ని పిలవొద్దు, నిమరొద్దు, బిస్కెట్టు పెట్టొద్దు. అది పనిలో ఉంది. ఏమైనా అడగాలనుకుంటే దాని మనిషిని అడగండి.